శాటిస్‌ఫాక్టరీ

పదకొండేళ్లు నాచేత కాజాలు కుట్టించుకుని, నేను పని మానేసే రోజున మా టైలర్ మాస్టారు ఒక సర్టిఫికెట్ రాసిచ్చారు. నా పని గురించి అందులో ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు మాట: "శాటిస్‌ఫాక్టరీ".

మురిసిపోతూ నాలుగు షాపులు తిరిగాను. నాలుగో షాపావిడ జాలిపడి చెప్పింది. "అది పొగడ్త కాదమ్మా. ఏదో, పర్లేదు అని. 'ఎక్సలెంట్' అని రాయడానికి ఆయనకి చేతులు రాలేదు."

ఆరేళ్లుగా ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

ఇవాళ అదే మాస్టారు పని కోసం ఇప్పుడు నేను పనిచేసే బట్టల కంపెనీకి వచ్చారు. ఆయన కుట్టి తెచ్చిన కోటు చూసి చీటీ రాయాల్సింది నేనే. లోపలా బయటా తిప్పి చూశాను. వంక పెట్టడానికి ఒక్క పోగు దొరకలేదు. అయినా చీటీ మీద ఆ మాటే రాసి ఆయన ముందుకి తోశాను. చదువుకుని ఏడవనీ అనుకున్నాను.

ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"నీకు తృప్తి కలిగిందన్నమాట. అంతకు మించిన మాట ఏముంటుందమ్మా? నలభయ్యేళ్లలో నేనది ఒక్కదానికే రాశాను. నీకు."

"మార్చి రాస్తాను, ఇటివ్వండి మాస్టారూ," అన్నాను.

అప్పటికే ఆయన చీటీని నాలుగు మడతలు పెట్టి గుండె జేబులో దాచుకున్నారు.