ఎర్ర చేప పుట్టి

“ఒక్కడివే వచ్చినవేంది సార్? ఇంటోళ్లు రాలే?” గుండ్రటి తోలు పడవను, పుట్టిని, ఒడ్డుకు లాగుతూ అడిగాడు దాన్ని నడిపేవాడు.

“వాళ్లు ముందే వచ్చారు,” అన్నాడు సీతారామయ్య.

1973. కార్తీక ఆదివారం, మిట్టమధ్యాహ్నం. ఖాజాగూడ చెరువు గట్టున వనభోజనాల పొయ్యిలు మండుతున్నాయి. పట్నం పిల్లలు బండలెక్కి కేకలు వేస్తున్నారు.

కిందటేడు ఇదే ఆదివారం సీతారామయ్య ఆఫీసు పని మీద వరంగల్లులో ఉన్నాడు. భార్య పద్మావతి, కూతురు, మరదలు రత్నమాల ఇక్కడికి వచ్చారు. పులిహోర కలపడానికి రత్నమాల గట్టునే ఉండిపోయింది. తల్లీకూతుళ్లు షికారుకని పుట్టి ఎక్కారు. ఐదుగురు పట్టే పుట్టిలో ఎనిమిది మందిని కుక్కాడు నడిపేవాడు. చెరువు నడిమధ్య అది తిరగబడింది. వాడొక్కడే ఈదుకుంటూ అవతలి ఒడ్డు చేరి, వెనక్కి చూడకుండా పారిపోయాడు.

“దూరం బావగారూ, వాడి ముఖం కనబడలేదు. పుట్టి మీద ఎర్ర చేప బొమ్మ ఉంది,” అంది రత్నమాల.

ఆ బొమ్మ చాలనుకున్నాడు సీతారామయ్య. నలభై ఆరేళ్ల వయసులో బావిలో దూకి ఈత నేర్చుకున్నాడు. వారం క్రితం వచ్చి ఎర్ర చేపను కనిపెట్టి వెళ్లాడు. నడిపేవాడి పేరు ఎవర్నీ అడగలేదు. రేపు అనుమానం రాకూడదు.

“నీ ఒక్కనికేనా? మంచిదే. పుట్టికి గూడ జర ఆరాం,” నవ్వాడు వాడు. “ఐదుగురి మీద ఒక్కన్ని గూడ ఎక్కియ్య సార్. ఒట్టు పెట్టుకున్న.”

‘ఇప్పుడొచ్చిందా బుద్ధి!’ అనుకున్నాడు సీతారామయ్య.

నడిమికి వచ్చేసరికి తెడ్డు తడబడింది. పుట్టి గిర్రున తిరిగింది. వాడు నడుము మడతలోంచి బంతిపువ్వు తీసి నీళ్లలో వదిలి, దండం పెట్టాడు.

“కిందటేడు మునిగింది ఇక్కడేనా?”

“అవు సార్. గీ పుట్టే.”

“నడిపినవాడు మాత్రం బతికాడటగా?”

“ఈతొచ్చినోడు బతికిండు. రానోళ్లు పోయిండ్రు.”

సీతారామయ్య చొక్కా కింద నుంచి కత్తి తీశాడు. పుట్టి అడుగు తోలును ఈ చివరి నుంచి ఆ చివరికి చీల్చేశాడు. నీళ్లు భళ్లున పొంగాయి.

“ఏం జేస్తున్నవ్ సార్! నాకు ఈత రాదు!”

“కిందటేడు ఎలా వచ్చింది?”

“అయ్యో, గా దినం నా...”

మిగతా మాట చెరువు మింగేసింది.

సీతారామయ్య తీరిగ్గా ఈదుకుంటూ గట్టు చేరాడు. ఏడాదిగా గుండెలో ఉన్న బరువు దిగిపోయింది. జనం మూగారు. పల్లీలమ్మే పోచమ్మ గంప పడేసి పరుగెత్తుకొచ్చింది.

“పాత పుట్టి. అడుగు చిరిగిపోయింది,” అన్నాడు రొప్పుతూ. “అయినా నడిపేవాడేగా, ఈదుకుంటూ వస్తాడులే.”

పోచమ్మ గుండెలు బాదుకుంది.

“రాళ్లు కొట్టుకునే మొగిలికి ఈతేడ వస్తది సార్, పోయినేడు గీ పుట్టిల వాని పెండ్లాం మునిగి సస్తేనే గద, పంచాయతోళ్లు ముంచినోని కాడికెల్లి పుట్టి గుంజి దండుగ కింద వానికి ఇప్పిచ్చిండ్రు!”