బొమ్మ విమానం

“దసరా అయిపోగానే ఈ బొమ్మని పీకీయాల. ఎల్లుండి నుంచి ఈ గదిలో నార దించుతాను,” అన్నాడు గణపతిరావు గుమ్మంలో నిలబడి.

“బొమ్మ కాదు నాన్నా,” అంది దుర్గాభవాని, కుర్చీలోంచి లేవకుండానే.

రాజాంలో గోగునార వ్యాపారం చేసే ఇంట్లో గది ఖాళీగా ఉంచడమంటే పాపం కిందే లెక్క. అలాంటి గదిని ఆ పిల్ల ఏడాదిగా ఆక్రమించుకుంది. మూసేసిన నెట్ సెంటర్ నుంచి మూడు కంప్యూటర్ తెరలు తెచ్చి వరసగా నిలబెట్టింది. తుక్కు కొట్లో దొరికిన కారు సీటుని నేలకి బిగించింది. పాత కుట్టుమిషన్ల తొక్కుడు పలకలు రెండు సంపాదించి, వాటి కింద స్ప్రింగులు పెట్టి కంప్యూటరుకి కలిపింది. కుడిది తొక్కితే తెరమీద విమానం ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమది తొక్కితే ఎడమకి. నువ్వు విమానం నడుపుతావో, జాకెట్లు కుడతావో తేల్చుకోమని చిన్నాన్న నరసింగరావు వచ్చినప్పుడల్లా ఏడిపించేవాడు.

ఏడిపిస్తే ఏడిపించనీ. వచ్చేవారం హైదరాబాదులో పైలట్ శిక్షణకి ఎంపిక పరీక్ష ఉంది. అక్కడ ఇలాంటి యంత్రం ముందే కూర్చోబెట్టి విమానం దింపమంటారు. ఇప్పుడు గది పోతే ఏడాది కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే. అది తలుచుకుంటే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

“అయితే ఓ మాట,” అంది. “రేపు పూజయ్యాక నీ కళ్లముందరే విమానాన్ని విశాఖపట్నంలో దించుతాను. ఈదురుగాలిలో. పడిపోయిందా, నా చేత్తోనే పీకేస్తాను. దిగిందా, మరి నువ్వీ గదికేసి సూడకూడదు.”

తండ్రితో మాట్లాడే తీరు ఇదేనా అని, పండక్కి వచ్చి అన్న వెనకే నిలబడ్డ నరసింగరావు నొచ్చుకున్నాడు. గణపతిరావు మాత్రం సరే అని, గది తాళం వేసి చెవి జేబులో పడేసుకున్నాడు.

మర్నాడు పండగ. పూజ కాకుండా పనిముట్లు ముట్టుకోకూడదని తల్లి పద్మకుమారి కూతుర్ని వంటింట్లోనే కూర్చోబెట్టింది. గణపతిరావు తెల్లారకముందే లేచి, డజను నిమ్మకాయలు తెచ్చి, లారీ చక్రాల కింద ఆరు, వ్యాను చక్రాల కింద నాలుగు పెట్టాడు. డ్రైవర్లు బళ్లని ఇంత ముందుకి పోనిచ్చి వాటిని తొక్కించారు. ఇంటిముందు కొబ్బరికాయలు కొట్టారు. పులిహోరకి రెండు నిమ్మకాయలైనా మిగల్చమంటే ఈ మనిషి వినిపించుకోడని పద్మకుమారి సణుక్కుంటూ చింతపండు నానబెట్టుకుంది.

పది గంటలకి గది తెరిచారు. అన్నదమ్ములిద్దరూ కుర్చీ వెనక నిలబడ్డారు. రోజూ కూర్చోగానే చేతులూ కాళ్లూ ఆడించి అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసుకునే పిల్ల, ఆరోజు పంతంలో ఆ సంగతే మరిచిపోయింది. సరాసరి ఆకాశంలోనే మొదలుపెట్టింది.

తెరల నిండా మబ్బులు. ఎడమ పక్కనుంచి గాలి కొడుతోంది. అలాంటప్పుడు ముక్కుని గాలికేసి ఉంచి విమానాన్ని ఏటవాలుగానే కిందికి తేవాలి. నేల తగలబోయే ముందు కుడికాలు తొక్కి రన్‌వేకి తిన్నగా నిలపాలి. అంతవరకూ చేతిలోని జాయ్‌స్టిక్ కర్రతోనే పని. భవాని మబ్బులు దాటించింది. కింద సముద్రం కనపడింది, తర్వాత రన్‌వే దీపాలు కనపడ్డాయి.

కుడికాలు తొక్కింది. పలక కదల్లేదు.

“మిషన్లో దారం సిక్కుకుందేటే?” అన్నాడు నరసింగరావు.

భవాని వెనక్కి చూసింది. తండ్రి తెరకేసి చూడటం లేదు. ఆమె పాదాలకేసి చూస్తున్నాడు. కళ్లు కలవగానే మొహం తిప్పేసుకున్నాడు. తాళం చెవి రాత్రంతా ఆయన జేబులోనే ఉందని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఓడిపోతానేమోనన్న భయం ఎటు పోయిందో పోయింది. కన్నతండ్రే ఇలా దొంగదెబ్బ తీస్తాడా?

సీటులోంచి సగం లేచి, ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి తొక్కింది. కింద ఏదో చిట్లిన చప్పుడైంది. పలక దిగింది. ముక్కు తిన్నగా తిరిగింది. చక్రాలు నేలని తాకి, విమానం ఒకసారి ఊగి, రన్‌వే మధ్యగీత మీద పరుగెత్తి ఆగింది.

ఆమె సీటులోంచి లేచి తండ్రికి ఎదురుగా నిలబడింది.

“అడ్డమెట్టింది నువ్వే కదా నాన్నా? నాను పడిపోవాలనే కదా? అయినా దించేను. సూసేవు కదా.”

గణపతిరావు కాదనలేదు. వంగి చూడమన్నట్టు పలకలకేసి చెయ్యి చూపించాడు.

భవాని వంగి చెయ్యి పెట్టింది. కుడి పలక కింద చితికిపోయి, గింజలు బయటపడిన నిమ్మకాయ. ఎడమ పలక కింద ఇంకొకటి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టినది, చెక్కుచెదరకుండా ఉంది. రెంటినీ అరచేతిలో పెట్టుకుని ఆమె అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

“ఇదేటన్నయ్యా, ఈ బొమ్మకి...” అంటూ నరసింగరావు నవ్వబోయాడు.

గణపతిరావు భుజమ్మీది తువ్వాలు దులుపుకున్నాడు.

“బొమ్మకి ఎవడైనా నిమ్మకాయలెడతాడేట్రా?”