చందువాల తొట్టి

పాత అద్దాల తొట్టిని కడగాలి, బల్ల మట్టం చూడాలి, మంచినీళ్లలో ఉప్పు కలపాలి, నీళ్లకి గాలి పట్టే మోటారు ఆడించాలి. ఆ తర్వాతే నీళ్ల సంచిలోని చందువా చేపల జంటను వదలాలి. సముద్రంలో చేపన్నదే లేకుండా పోయాక ఉప్పాడలో విత్తనానికని మిగిలిన జంట అదొక్కటే. ఓ హోటలువాళ్లు వద్దనుకున్న తొట్టిని కొని, నూకరత్నం పొద్దుటినుంచి అన్నీ ఒక్కతే చేసుకొచ్చింది.

సంచి విప్పబోతుంటే అత్త మసేనమ్మ ఖాళీ చెంబుతో ఎదురొచ్చింది.

"కొత్త పడవకి పోసినట్టే తొట్టిలో గంగమ్మ నీళ్లు పోసేనే. ఆనవాయితీ తప్పకూడదు కదా!"

"సముద్రం ఒడ్డునుంచి తెచ్చావా? అయ్యో అత్తా, చేపల్ని చంపిందే ఆ నీళ్లు!"

తొట్టెడు నీళ్లూ పారబోసి మళ్లీ కలపాలి. సంచిలో చేపలు అప్పటికే నోళ్లు తెరుస్తున్నాయి. ఉన్న ఒక్క మోటారూ ఉప్పు కలపడానికే కావాలి.

మసేనమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. చేపల్ని నీళ్లతో సహా బేసిన్లోకి వొంపి, గాలి అందేలా అరచేత్తో చిలకడం మొదలెట్టింది.

"నీ పని నువ్వు చూడవే. నా చెయ్యి ఆగితే అప్పుడు తిట్టు."

పొద్దువాలేదాకా ఆ చెయ్యి ఆగలేదు. చందువాలు తొట్టిలోకి జారి తోకలాడించాకే ఆవిడ చెయ్యి తీసింది. మర్నాడు ఆవిడకి అన్నం నూకరత్నమే కలిపి పెట్టింది.

ఇవాళ మీ ఇళ్లలో ఈదుతున్న చందువాలన్నీ ఆ జంట సంతానమే. మేత వేసేటప్పుడు మసేనమ్మను ఒక్కసారి తలుచుకోండి.