నరసమ్మ చేతి నూలు

బల్ల మీద నూలు చిలపలు సర్దుతున్న దేవకి, అత్తగారు వడికినది ఒక్కటైనా పొరపాటున కలిసిందేమోనని మరోసారి వేళ్ళతో తడిమి చూసుకుంది. కలవలేదు. ప్రతి చిలపకీ కట్టిన అట్టముక్క మీద మాత్రం అత్తగారి ఫొటో, దాని కింద ‘నరసమ్మ చేతి నూలు’ అన్న పేరు ఉన్నాయి.

మలేషియాలోని ఇపో పట్నంలో చేతిపనుల సంత అంటే చీకటితోనే కామెరాన్ కొండ దిగాలి. మలుపు మలుపుకీ ఊగిపోతున్న వ్యానులో కూర్చునే నరసమ్మ మల్లెపూలు దండ కట్టేసి, ఒక ముక్క తుంచి కోడలి కొప్పులో పెట్టింది. ఆ వేళ్ళకి పూలు గుర్తున్నాయి, ఉన్నే గుర్తులేదు అనుకుంది దేవకి.

కొండ మీద వాళ్ళకి పద్నాలుగు అల్పాకాలున్నాయి. ఎస్టేటు ఉద్యోగం మానేసి, ఎవరెన్ని నవ్వినా వినకుండా ఆ పొడుగు మెడల జీవాల్ని తెచ్చినవాడు దేవకి భర్త నారాయణసామి. అతను బొచ్చు కత్తిరిస్తే తల్లి వడికేది, భార్య టోపీలూ శాలువలూ అల్లేది. నాలుగేళ్ళ కిందట అతను పోయాక అతని పని కూడా దేవకి నెత్తిన పడింది. ఆ మరుసటేడే అత్తగారి నూలు పాడైపోయింది. కొలిచి పెట్టినట్టు మూరకో ఉండ. అలాంటి నూలుతో టోపీ కాదు కదా, తాడు కూడా పేనలేరు.

ఆ మాట అత్తతో అనడానికి దేవకికి నోరు రాలేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, కొడుకు పోయాక ఆ రాట్నాన్ని పట్టుకునే నిలబడిందని దేవకి నమ్మకం. అందుకని మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళకి గడ్డికొట్టంలోకి వెళ్ళి, రెండో రాట్నం మీద అంతే బరువు నూలు తాను వడికి, అత్త పేరు కట్టేది. అత్త వడికినవి బస్తాల్లో కుక్కి గడ్డి కింద దాచేది. పొద్దున పేడ ఎత్తడం, మధ్యాహ్నం వడకడం, సాయంత్రం అల్లడం. మూడేళ్ళకి మణికట్లు మొద్దుబారిపోయాయి. ఈమధ్య నిలబడే నిద్రపోతోంది.

నెలకోసారైనా నరసమ్మ అదే మాట ఎత్తేది. “నా సేతులు పడిపోనాయమ్మా. ఇంక సాలు. జీవాల్ని ఆ యోగేశ్వరన్‌కి ఇచ్చీయ్.”

యోగేశ్వరన్ పక్క కొండ మీద టూరిస్టులకి బస నడుపుతాడు. జీవాల్ని బాగా చూసుకుంటానని, ఏ సంగతో ఈ సాయంత్రంలోగా చెప్పమని అన్నాడు. కానీ అత్త ఆ మాట మనసులోంచి అనడం లేదని, కాదనిపించుకోవడానికే అంటోందని దేవకి లెక్క. “ఏటత్తా ఆ మాటలు? నీ సేతి నూలు కోసమే కదా జనం వస్తన్నారు” అనేది. నరసమ్మ కాసేపు కోడలి మొహంలోకి చూసి, మళ్ళీ రాట్నం దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ వారం ఉండలు ఇంకా ఎక్కువయ్యేవి. దిగులుకి చెయ్యి మరింత వణుకుతోంది కాబోలని దేవకి బాధపడేది.

పదిన్నరకి సంత నడిపే లెచ్చుమి వచ్చి, పదకొండింటికి పాట్టి, అంటే నరసమ్మవ్వ, అందరి ముందూ వడికి చూపించాలని తమిళంలో చెప్పింది. దేవకి చిలపలు వదిలి ముందుకొచ్చింది. పెద్దావిడకి మణికట్టు నొప్పి, వద్దంది. పాట్టి అప్పుడే సరేనందని, చూడటానికి క్లాంగ్ నుంచి కూడా మనుషులు వచ్చారని లెచ్చుమి నవ్వుతూ వెళ్ళిపోయింది. చూస్తుండగానే కుర్చీలు నిండాయి, ఫోన్లు పైకి లేచాయి.

ఇంతమంది ముందు ఆ ఉండలు బయటపడితే ముసలిప్రాణం తట్టుకోలేదు. దానికన్నా తానే చెప్పడం నయం. దేవకి అత్తని తెర వెనక్కి తీసుకెళ్ళింది.

“అత్తా, నువ్వు వడకొద్దు.”

“ఏటి?”

“నీ నూలు మూడేళ్ళ నుంచి ఒక్క చిలపా అమ్మలేదు. అన్నీ ఉండలే. బల్ల మీదున్నవి నేను వడికినవి. నీవి గడ్డి కింద దాసినాను.” అక్కడికి ఆగాలనుకుంది గానీ, ఎన్నాళ్ళ నుంచో బిగబట్టింది కూడా వచ్చేసింది. “ఇంక నా వల్ల కాదత్తా. అలిసిపోనాను. జీవాల్ని ఇచ్చేద్దాం.”

అన్నాక తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. అత్త ఏడుస్తుందని ఎదురుచూసింది. నరసమ్మ ఏడవలేదు. పైటచెంగుతో కోడలి కళ్ళు తుడిచింది.

“ఆడికి ఫోన్ సెయ్యి. ఇప్పుడే, నా ముందర.”

దేవకి చేసింది. సోమవారం లారీ పంపుతానన్నాడు యోగేశ్వరన్. ఫోన్ పెట్టేసి దేవకి ఉన్ని బస్తా మీద కూలబడింది.

“అలిసిపోనానని సెప్పడానికి మూడేళ్ళు పట్టిందేటమ్మా నీకు” అంది నరసమ్మ మెల్లగా.

బయట మైకులో పాట్టిని పిలుస్తున్నారు. వెళ్ళొద్దని దేవకి చెయ్యి పట్టుకుంది. నరసమ్మ ఆ చెయ్యి విడిపించుకుని, తెర తప్పించి వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది. దేవకి లేచి తెర అంచు దాకా వెళ్ళింది గానీ చూడలేక కళ్ళు మూసుకుంది. రాట్నం తిరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

దేవకి కళ్ళు తెరిచింది. అత్త వేళ్ళలోంచి మూర తర్వాత మూర సాగి వస్తున్న నూలు కదురుకి చుట్టుకుంటోంది.

అందులో ఒక్క ఉండ లేదు.