మల్లీశ్వరి కాయిన్‌కి దిష్టి

ఇప్పుడు మా పేటలో పేదపిల్లలకి తలా ఒక కాయిన్ ఉంది, ఫోన్లో షేరులా కొనుక్కుని అమ్ముకునేది. దాన్ని కొన్నవాళ్ళే ఫీజు కడతారు. ఇంట్లో పిల్ల చదువుతుంటే మా ఫోన్ కెమెరాలో చూస్తారు, వింటారు, పుస్తకం మూసేదాకా మేం అది ఆపకూడదు. మా మల్లీశ్వరిని తొమ్మిదో తరగతికి పంపాలా వద్దా అని వాళ్ళు ఓటేసేది ఈ సాయంత్రమే. నాకు కాలు నిలవడం లేదు.

మా ఆవిడ నాగేంద్రం ఎండుమిరపకాయలు తెచ్చింది.

“అంతమంది కళ్ళు పడతంటే దిష్టి తగలదా?”

“ఓటు అయ్యాక తియ్యవే!”

“నువ్వూరుకోవయ్యా.”

పిల్ల తలచుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటుకి ఇద్దరం దగ్గాం.

“ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే!” అంది సంబరంగా.

మా దగ్గు విని ఫోన్లో ఎవరో, “ఆ ఇంట్లో జబ్బా?” అని అడిగారు. కాయిన్ ధర దిగసాగింది. జబ్బుపిల్ల కాయిన్ ఎవరూ ఉంచుకోరు.

మల్లీశ్వరి మాత్రం లెక్క చేస్తూనే ఉంది. కళ్ళమ్మట నీళ్ళు, బిగించిన పెదవులు. దగ్గలేదు. ధర ఆగింది. ఓట్లు పడ్డాయి. తొమ్మిది ఖాయమైంది.

ఫోన్ మీద కండువా కప్పేశాను. “అయిపోయింది, దగ్గవే తల్లీ!”

పిల్ల తల అడ్డంగా ఊపి, నా చెవిలో గొణిగింది.

“వాళ్ళకి వినబడుద్ది నాన్నా.”