నీడ లేని ఫొటో

గోపాలం దొంగ. అందులో వాదనకు తావు లేదు.

భిలాయి సెక్టర్ 4లో అతనిదీ నరసింగరావుదీ పక్కపక్క క్వార్టర్లు. ఒకే స్టీలు ప్లాంటు, ఒకే ఫొటో క్లబ్బు. అంత స్నేహంలోనే దొంగ దూరాడని నరసింగరావు బాధ.

డెబ్బై తొమ్మిది చలికాలంలో నరసింగరావుకు ‘హై కీ’ పిచ్చి పట్టింది. తెల్లటి పువ్వు, వెనక తెల్లటి గుడ్డ, ఎక్కడా నీడ పడని నలుపు తెలుపు ఫొటో. పెరట్లో భార్య గున్నమ్మ పెంచిన తెల్ల చామంతులు ఉండనే ఉన్నాయి. పొద్దున్నే ఆమె నీళ్లు చల్లి ప్లాంటు ఎర్రదుమ్ము కడిగేది. వెనక దుప్పటి పట్టుకుని నిలబడేది. అతను తీసేవాడు.

ప్రతి ప్రింటూ బూడిదరంగులో వచ్చింది.

“పువ్వు తెల్లగుంది. ఫొటోలో మాసిపోయినట్టొస్తాదేటి మావా?”

“వెలుతురు ఎంత కావాలో మీటరు చెప్తోంది. ఫర్నేసు కాడ మీటర్లు చూసే ఉద్యోగం నాది. ముల్లు అబద్ధమాడదు. నువ్వు దుప్పటి తిన్నగా పట్టు.”

“పట్టేను. చేతులు పీకేస్తన్నాయి.”

క్లబ్బు పోటీ ప్లాంటు ఉద్యోగులకే. మనిషికి ఒక్క ఫొటో. నరసింగరావు ఉన్నవాటిలో కాస్త నయమైనది ఇచ్చాడు.

కప్పు గోపాలానికి వచ్చింది.

నరసింగరావు దగ్గరగా వెళ్లి ఆ ఫొటో చూశాడు. పాలలో తేలుతున్నట్టు మూడు చామంతులు. సన్నటి కాడ ఒక్కటే నలుపు. ఓ మూల దుప్పటి అంచు, దాని మీద గున్నమ్మ వేసిన అతుకు.

“తీసినవాళ్లు మీటరును నమ్మలేదు. కళ్లను నమ్మారు,” అన్నాడు జడ్జి. గోపాలం తల దించుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి గున్నమ్మ బియ్యం ఏరుతోంది.

“నేను డ్యూటీలో ఉండగా గోపాలం వచ్చాడా?”

“వచ్చేడు.”

“కెమెరాతోనా?”

“కెమెరాతోనే.”

“గేటు తీసింది నువ్వేనా?”

“నేనే.” ఆమె చేట మీంచి తలెత్తలేదు. “ఫొటో బాగొచ్చిందేటి మావా?”

“దొంగ ఫొటో.”

ఆమె మళ్లీ అడగలేదు.

అతను గోపాలంతో మాట మానేశాడు. కెమెరా సుపేలా బజారులో అమ్మేశాడు. గున్నమ్మతో కూడా అవసరానికి మించి మాట్లాడలేదు. నమ్మినవాళ్లే ఇద్దరూ ఒకటయ్యారు. అతను అది మరిచిపోయే మనిషి కాదు. చామంతులు ఎండిపోతున్నా ఆమె నీళ్లు పోయలేదు. అతను ఎందుకని అడగలేదు.

మూడేళ్లకు గున్నమ్మ కామెర్లతో పోయింది.

పదో రోజు కార్యం అయ్యాక గోపాలం వచ్చాడు. నరసింగరావు గుమ్మంలోనే ఆపాడు.

“ఇంకా ఏటి పట్టుకుపోదామని వచ్చావు భయ్యా?”

గోపాలం సంచిలోంచి కప్పు తీశాడు. “ఇది నాది కాదు. నా ఇంట్లో ఉండకూడదు.”

“ఇన్నాళ్లకు ఒప్పుకున్నావన్నమాట, నాదని.”

“నీదీ కాదు. ఇన్నాళ్లూ గున్నమ్మకు వేసిన ఒట్టుకు కట్టుబడి నోరు మూసుకున్నాను.”

గోపాలం జరిగింది చెప్పాడు. నరసింగరావు కప్పు అందుకోలేదు.

“ఆ ఫొటో తీసింది గున్నమ్మ అన్న మాట ఈ గుమ్మం దాటకూడదు, నేనూ ఇక జన్మలో ఎత్తను,” అని తలుపు వేసేశాడు.