తెల్లపొడి సంచీ

“అత్తయ్యా, నా పొడి సంచీ మీరేమైనా తీశారా?”

కోడలు దేవిక అలా అడిగేసరికి శేషారత్నం ఉలిక్కిపడింది. కొక్కేనికి వేలాడాల్సిన సంచీ కిటికీలో ఉంది మరి. దుమ్ము దులుపుతూ తీసి అక్కడ పెట్టానని చెప్పి, చేతికి లేని దుమ్మును చీర కొంగుకు తుడుచుకుంది. దేవిక సంచీని అరచేతిలో ఎత్తి చూసుకుంది. నిండుగానే ఉంది. సరేనని రేపటి ప్రయాణం బ్యాగులో సర్దేసుకుంది.

నిండుగా ఎందుకుండదు? పొద్దున్నే శేషారత్నం తన చేతులతో నింపింది కదా. కాకపోతే అందులో ఉండాల్సింది, బండలెక్కేవాళ్లు చెమటకు పట్టు జారకుండా చేతులకు రాసుకునే ఫారిన్ పొడి. ఇప్పుడు ఉన్నది వీధిలో బండి మీద చిన్నయ్య అమ్మే ముగ్గుపిండి.

చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆవిడ ముగ్గు డబ్బా ఎప్పుడు చూసినా అడుగంటుతోంది. చిన్నయ్య కొలతలో దగా చేస్తున్నాడని నలుగురి ముందూ అతన్ని కడిగిపారేసింది. అతను అలిగి, ఇవాళ పొద్దున మళ్లీ బండి తెచ్చేదాకా వారమంతా వీధి మొహం చూడలేదు. వాకిట్లో ముగ్గు లేకపోతే శేషారత్నానికి తెల్లవారినట్టుండదు. ఏం చేస్తుంది, కోడలి సంచీలోంచి ఒక్క గుప్పెడు తీసింది. అబ్బ, వేళ్ల సందున ఎంత మెత్తగా జారిందో! ఎదురింటి కమలమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి, ఇంత సన్నపిండి ఎక్కడ దొరికిందని అడిగింది. ఫారిన్‌దని చెప్పింది శేషారత్నం, కాస్త మెడ నిక్కించి. ఆ గొప్ప కోసం మర్నాడు ఇంకో గుప్పెడు తీసింది. వారం తిరిగేసరికి సంచీ ఖాళీ. ఎక్కే ముందు వేళ్లకు విశ్రాంతి ఇవ్వాలని దేవిక ఆ వారం సంచీ జోలికే పోలేదు. లేకపోతే అప్పుడే బయటపడేది.

తెనాలి చుట్టుపక్కల కొండన్నది లేదు. చుండూరు నుంచి రేపల్లె దాకా ఎటు చూసినా వరిమళ్లే. అలాంటి చోట ఉండి, కొండవీడు వైపున్న ఒక నిలువు బండ మీద మనసు పడింది దేవిక. ఇది మూడో చలికాలం. రోజూ గుమ్మం పైకమ్మి పట్టుకుని వేళ్ల మీద వేలాడుతుంది. పప్పు ఉడుకుతున్నంతసేపూ కళ్లు మూసుకుని, కుడిచెయ్యి ఇక్కడ, ఎడమకాలు అక్కడ అనుకుంటూ ఆ బండను మనసులోనే ఎక్కుతుంది. ఈ పిల్ల గాల్లో ముగ్గులేస్తోందేంటని మొదట్లో శేషారత్నం హడలిపోయింది. ఇప్పుడు ఆవిడకీ ఆ బండ కంఠతా వచ్చేసింది. చివరి పట్టు దగ్గరే ప్రతిసారీ చెమట పట్టి చెయ్యి జారుతుందని కూడా తెలుసు. తాడుంది కాబట్టి ప్రాణభయం లేదు. కానీ ఈ ఆదివారం కూడా జారిందంటే, మళ్లీ చలికాలం వచ్చేదాకా ఆగాలి. ఎండలు ముదిరితే ఆ బండ పెనంలా కాలుతుంది.

తెల్లవారింది. తాడు పట్టుకునే స్నేహితురాలు భాగ్యశ్రీ బాపట్ల నుంచి కారేసుకుని వచ్చేసింది. ఇంక దాచడం తన వల్ల కాదనుకుని శేషారత్నం గేటు దాకా వెళ్లింది.

“అమ్మాయ్, నీకొక మాట చెప్పాలే.”

“ఇప్పుడొద్దత్తయ్యా,” అంది దేవిక నవ్వుతూ. “ఎక్కే ముందు మనసులోకి కొత్త మాట రానివ్వకూడదు. తిరిగొచ్చాక ఎన్నయినా చెప్పండి, వింటాను.”

కారు వెళ్లిపోయింది. ఆ పూట శేషారత్నానికి అన్నం సయించలేదు. కొడుకు కృష్ణకాంత్ ఒంట్లో బాగోలేదా అని అడిగితే, నీకేం తెలుసురా అని కసురుకుంది. మూడేళ్లుగా పిల్ల పడ్డ కష్టమంతా తన ముగ్గుల పిచ్చి వల్ల బూడిదలో పోసిన పన్నీరైపోతుందేమోనని ఒకటే బాధ. కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుని, కుడిచెయ్యి, ఎడమకాలు అని తనే ఎక్కడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు ఎక్కినా చివరి పట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి జారుతూనే ఉంది.

సాయంత్రం కారు ఆగింది. దేవిక మోచేతులు గీరుకుపోయాయి, బట్టల నిండా మట్టి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“ఎక్కేశానత్తయ్యా,” అని వచ్చి వాటేసుకుంది. చివరి పట్టు కింద ఆగి, సంచీలో చెయ్యి ముంచి, నింపాదిగా ఊపిరి తీసుకుని అందుకుందట. ఈసారి చెయ్యి జారలేదట.

శేషారత్నానికి ఎంత సంతోషమేసిందో అంత ఏడుపూ వచ్చింది. పిల్ల భుజం మీద తలపెట్టి ఉన్నదంతా కక్కేసింది. నీ ఫారిన్ పొడి నా ముగ్గుల పాలైందని, ఇవాళ నువ్వు చేతులకు రాసుకున్నది ఉత్త ముగ్గుపిండని, చెప్పే ధైర్యం లేక నిన్ను అలాగే పంపేశానని.

దేవిక మెట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

“ఇంక పాపం చిన్నయ్యనేమీ అనకండి అత్తయ్యా. నా ఫారిన్ పొడి మొదటేడే అయిపోయింది. అప్పట్నుంచీ మీ డబ్బాలో పిండే తీసి, జల్లించి నింపుకుంటున్నాను.”